తాతయ్య ట్రంకు పెట్టెలో ఇన్‌కమ్ టాక్స్ నోటీసు

ఆమధ్య సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు జరిగిన సంగతి. మా ఊరు దివిసీమలో, అవనిగడ్డ దాటి లోపలికి వెళ్ళాలి. భోగి రోజు పొద్దున్నే తలంటు పోసుకుని అరుగు మీద కూర్చుంటే మా తాతయ్య సైగ చేసి లోపలి గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు. మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగి, మడత పెట్టిన పంచెల అడుగు నుంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ పేరు మీద జప్తు నోటీసు వచ్చిందిరా నాన్నా. ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి కూడా చెప్పలేదు. నీకు సంబంధాలు చూస్తున్న టైములో ఇది బయటికి పొక్కితే బాగోదని దాచా. ఎంత కట్టాలో చెప్పు. కాలవ గట్టు పక్క అరెకరం అమ్మేద్దాం."

నా గుండె ఒక బీటు మిస్సయింది. కవరు తీసి చూస్తే అది జప్తు నోటీసు కాదు. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు పంపిన 142(1) నోటీసు. రెండేళ్ళ కిందట నేను ఉద్యోగం మారిన ఏడాది రిటర్ను వెయ్యలేదు. "టీడీఎస్ ఎలాగూ కట్ చేశారు కదా, ఇంకేముంది" అనుకున్నా (మీలో ఎంతమంది ఇలా అనుకున్నారో చేతులెత్తండి.. నాకు తెలుసు, చాలామందే ఉంటారు). కాలేజీలో క్యాంపస్ ప్లేస్‌మెంట్ అప్పుడు ఊరి అడ్రసుతో పాన్ కార్డు తీసుకున్నా, దానికి ఇచ్చిన ఈమెయిల్ ఐడీ కూడా కాలేజీ రోజుల్లోదే. అది తెరిచి నాలుగేళ్ళయింది. అందుకని వాళ్ళు పంపిన మెయిళ్ళు ఒక్కటీ నేను చూడలేదు, కాగితం మాత్రం పోస్టుమేను పుణ్యమా అని తాతయ్య చేతికి చేరింది. జవాబివ్వడానికి పదిహేను రోజులు గడువు. తాతయ్య పెట్టెలో అది మూడు వారాలుగా నిద్రపోతోంది.

ఇంతకీ ఈ టపా నా బద్ధకం గురించి కాదు. అంతకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మా తాతయ్య నోట్లోంచి వచ్చిన ఆ ఒక్క మాట.. "జప్తు". ఆయన ఇంగ్లీషు చదవలేడు. కానీ సర్కారు ముద్ర, పక్కన మనవడి పేరు చూడగానే ఆయనకి జప్తే ఎందుకు గుర్తొచ్చింది? ఆ కాగితంలో ఎక్కడా ఇంత కట్టు అని లేదు. "నువ్వు రిటర్ను వెయ్యలేదు, ఎందుకు? వెయ్యి" అని మాత్రమే ఉంది. అదొక ప్రశ్న. మా తాతయ్యకి మాత్రం అది తీర్పులా కనపడింది.

తిరుగు ప్రయాణంలో గుడివాడలో మా అమ్మ వాళ్ళ చిన్నన్నయ్య ఇంట్లో దిగా. మావయ్య రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాడు. ఈ విషయం చెప్పి నవ్వబోతే ఆయన నవ్వలేదు. "మీ తాతయ్య భయపడ్డంలో తప్పేం లేదురా. ఈ డెల్టాలో రెండొందల ఏళ్ళు కాగితం అంటే అదే అర్థం" అన్నాడు. హైదరాబాదు తిరిగొచ్చాక నాకు దొరికినవన్నీ చదివా. ఆ చదువే ఇక్కడ రాస్తున్నా.

కాగితం ఉన్నవాడిదే బందరు

మనం బందరు అంటే లడ్డూ, కలంకారీ అనుకుంటాం గానీ, 17వ శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ సుల్తానులకి ముఖ్యమైన రేవు. అక్కడ పన్నులు వసూలు చేసే పద్ధతి చిత్రంగా ఉండేది. సుంకాలు, శిస్తులు వసూలు చేసుకునే హక్కుని ప్రభుత్వం ఇజారాకి ఇచ్చేది, అంటే ఒకరకంగా వేలంపాట. ఎక్కువ కడతానన్నవాడు హక్కు తీసుకుని, తను కట్టినదానికి పైన ఎంత పిండుకోగలిగితే అంత పిండుకుంటాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే టాక్స్ డిపార్ట్‌మెంటుని టార్గెట్లు పెట్టి ఔట్‌సోర్స్ చెయ్యడమన్నమాట.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో బందరులో దిగింది. వాళ్ళకి కూడా ఈ అధికారులతో రోజూ గొడవే. దానికి వాళ్ళు వెతుక్కున్న మందు ఏమిటంటే కాగితం. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర ఒక ఫర్మానా సంపాదించారు, దాన్నే బంగారు ఫర్మానా అంటారు. ఏడాదికి 500 వరహాలు సుంకం కడితే చాలు, గోల్కొండ రేవుల్లో ఎంత వ్యాపారమైనా చేసుకోవచ్చు. అక్కడి నుంచి ఏ అధికారి వచ్చి అడిగినా జవాబు ఒకటే.. ఇదిగో కాగితం.

మరి ఆ రేవులోనే బట్ట అమ్మే నేతగాడి దగ్గర ఏ కాగితం ఉంది? ఏమీ లేదు. కాగితంతో జవాబు చెప్పగలిగినవాడికి పన్ను ఒక లెక్క, చెప్పలేనివాడికి అది తుఫాను లాంటిది, వచ్చి మీద పడుతుంది. ఈ తేడా తర్వాత మూడొందల ఏళ్ళు పోలేదు.

మనం రాయలేదు, మన గురించి రాశారు

1759లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ నుంచి మచిలీపట్నం కోట పట్టుకున్నారు. 1765, 1766ల్లో మొగలు చక్రవర్తి ఫర్మానా, నిజాంతో ఒప్పందం.. ఈ రెండింటితో ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికొచ్చాయి. 1794లో కలెక్టర్లని పెట్టారు. 1802లో పర్మనెంట్ సెటిల్‌మెంట్ వచ్చింది. జమీందారు ఏడాదికి ఇంత పేష్కషు అని శాశ్వతంగా నిర్ణయించారు. అది కట్టకపోతే ఎస్టేటు జప్తు చేసి అమ్మొచ్చు. జమీందారు పైన ఆ కత్తి ఉంది కాబట్టి ఆయన చేతికి ఇంకో కత్తి ఇచ్చారు.. రైతు శిస్తు కట్టకపోతే ఆయన పంట, సామాను జప్తు చేసుకునే అధికారం. మా దివిసీమలో చాలా భాగం దేవరకోట ఎస్టేటు, అంటే మనం చల్లపల్లి జమీ అనేది. మా ముత్తాతల దాకా అందరూ ఆ ఎస్టేటు రైతులే. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఆ లెక్క మారింది.

జమీ కాని గ్రామాల్లో రైత్వారీ. అక్కడ ప్రభుత్వం నేరుగా రైతుతోనే లెక్క చూసుకుంటుంది. వినడానికి ఇది కాస్త ఆధునికంగా ఉంది కదా? కానీ ఆ లెక్క రాసేది ఎవరు? కరణం. అడంగల్ ఆయనే రాస్తాడు, చిట్టా ఆయనే రాస్తాడు, ఏ చేలో ఏ పంట వేశావో, ఎన్ని తడులు నీళ్ళు వచ్చాయో ఆయనే రాస్తాడు. ఏడాదికోసారి జమాబందీ అని పెద్ద అధికారి వచ్చి ఆ లెక్కలు తనిఖీ చేస్తాడు. ఫసలీ సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 వరకు (మన ఫైనాన్షియల్ ఇయర్‌కి ఇది పెద్దన్నయ్య అనుకోండి). చివరికి "నువ్వు కట్టాల్సింది ఇంత" అని ఒక అంకె వస్తుంది. రైతు పని ఆ అంకె విని, కిస్తీల ప్రకారం కట్టి, రసీదు జాగ్రత్త చేసుకోవడం. అంతే.

ఇక్కడ మన ఫీల్డు వాళ్ళకి అర్థమయ్యేలా ఒక మాట. ఇదంతా ఒక వైపు నుంచే నడిచే ప్రోటోకాల్. సర్వరు పంపిస్తుంది, క్లయింటు తీసుకుంటాడు. క్లయింటు దగ్గర రాసే పర్మిషన్ లేదు. తన ఆదాయం ఎంతో తనే రాసి, తనే లెక్క కట్టి, తనే సంతకం పెట్టి పంపే అలవాటు ఆ వ్యవస్థలో రైతుకి ఒక్కరోజు కూడా రాలేదు. కరణాల పదవులు పోయింది 1984 జనవరిలో, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. ఆయన పుట్టిన నిమ్మకూరు మా గుడివాడ దగ్గరే. అంటే ఇదేమీ పురాణకాలం సంగతి కాదు, మా నాన్న నిక్కరేసుకున్న రోజుల దాకా నడిచింది.

1864: ఒక తుఫాను, ఒక చట్టం

1859లో మచిలీపట్నం జిల్లా, గుంటూరు జిల్లా కలిపి కృష్ణా జిల్లా చేశారు. బందరు దానికి ముఖ్యపట్నం. ఐదేళ్ళకి, 1864 నవంబరు 1 రాత్రి, సముద్రం ఊళ్ళోకి వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారని లెక్క. బందరు ఆ దెబ్బ నుంచి మళ్ళీ పాత బందరు కాలేకపోయింది.

అదే 1864లో మద్రాసులో ఒక చట్టం చేశారు. మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం, ఆ ఏడాది 2వ చట్టం. మావయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇది టేబుల్ మీదే ఉండేదట. శిస్తు బాకీ పడితే ఏం చెయ్యాలో వరసగా ఉంటుంది. ముందు రాతపూర్వకంగా డిమాండ్ నోటీసు. కట్టకపోతే చరాస్తి జప్తు, తర్వాత భూమి జప్తు, తర్వాత వేలం. బాగా గమనిస్తే ఇందులో ఒక మంచి కూడా ఉంది. నోటీసు ఇవ్వకుండా నీ గేదెని తోలుకుపోకూడదు అని రాసింది ఈ చట్టమే. అంతకుముందు ఆ మాత్రం దిక్కు కూడా లేనివాళ్ళెందరో. కానీ రైతుకి తెలిసింది వరస మాత్రమే.. నోటీసు, దాని వెనకాలే జప్తు. మధ్యలో జవాబు అనే మెట్టు ఆయనకి కనపడలేదు. ఎందుకంటే ఆ నోటీసు అడిగేది డబ్బు, సమాధానం కాదు.

మా తాతయ్య చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎద్దుల కోసం తక్కావీ అప్పు తీసుకున్నాడట. పంట పోయింది, అప్పు నిలబడిపోయింది. తక్కావీ కూడా శిస్తు బాకీ లాగే వసూలు చేస్తారు. ఒకరోజు పొద్దున్నే ఇంటి ముందు డప్పు వాయించి, అందరూ చూస్తుండగా ఇత్తడి గంగాళం, రెండు బిందెలు, పాలిచ్చే గేదె పట్టుకుపోయారు. "గేదె పోతే పోయింది. ఆ డప్పు చప్పుడు మాత్రం మా అమ్మ చచ్చేదాకా మర్చిపోలా" అన్నాడు తాతయ్య. ఇప్పుడు అర్థమైందా, అరెకరం అమ్ముదామని ఎందుకన్నాడో? డబ్బు పోతుందని కాదు. నా ఇంటి ముందు డప్పు మోగకూడదని.

ఇన్‌కమ్ టాక్స్ అడిగిన కొత్త ప్రశ్న

ఇప్పుడు రెండో కథలోకి వద్దాం. 1857 తిరుగుబాటు అణచడానికి అయిన ఖర్చుతో ప్రభుత్వ ఖజానా ఖాళీ అయింది. దాన్ని నింపడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్ అనే ఆయన్ని పంపారు. ది ఎకానమిస్ట్ పత్రిక పెట్టింది ఈయనే. 1860 ఫిబ్రవరిలో బడ్జెట్ పెట్టి ఇన్‌కమ్ టాక్స్ ప్రతిపాదించాడు. జూలై 24న చట్టం అయింది (ఇప్పుడు మన వాళ్ళు జూలై 24ని ఇన్‌కమ్ టాక్స్ డే అంటున్నది అందుకే). ఏడాదికి 200 నుంచి 500 రూపాయలున్న వాళ్ళకి 2 శాతం, 500 దాటితే 4 శాతం. భూమి మీద వచ్చే ఆదాయం కూడా ఇందులోకే వచ్చింది.

దీన్ని అందరికంటే గట్టిగా వ్యతిరేకించింది ఎవరో తెలుసా? సాక్షాత్తూ మన మద్రాసు గవర్నరు, సర్ ఛార్లెస్ ట్రెవెల్యాన్. కొత్త పన్నులొద్దు, ముందు ఖర్చులు తగ్గించండి అని వాదించాడు. వాదించి ఊరుకున్నాడా, తన అభ్యంతరాలని పత్రికల్లో అచ్చు వేయించాడు! ఇంకేముంది, ఉద్యోగం ఊడింది. 1860లోనే వెనక్కి పిలిచేశారు. ఆ ఏడాది ఆగస్టులోనే విల్సన్ కలకత్తాలో జబ్బు చేసి పోయాడు. తమాషా ఏంటంటే, రెండేళ్ళ తర్వాత అదే ట్రెవెల్యాన్‌ని తీసుకొచ్చి ఆర్థిక సభ్యుడిగా కూర్చోబెట్టారు. 1865లో ఇన్‌కమ్ టాక్స్ గడువు తీరిపోతుంటే ఆయన పొడిగించలేదు. తనని ఇంటికి పంపిన పన్నుని తనే ఇంటికి పంపాడు. సినిమా కథలా లేదూ!

అది తర్వాత మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. చివరికి 1886 చట్టంతో స్థిరపడింది. మన కథకి అసలైన మలుపు ఇక్కడే ఉంది. 1886లో వ్యవసాయ ఆదాయాన్ని ఇన్‌కమ్ టాక్స్ నుంచి తీసేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా కేంద్రం వేసే ఇన్‌కమ్ టాక్సులో వ్యవసాయ ఆదాయం లేదు, రాజ్యాంగం కూడా దాన్ని రాష్ట్రాల జాబితాలోనే పెట్టింది.

దీని పర్యవసానం చూడండి. ఒకే జిల్లాలో రెండు రకాల జనం తయారయ్యారు. బందరు టౌనులో ప్లీడర్లు, వర్తకులు, కచేరీ ఉద్యోగులు ఇన్‌కమ్ టాక్స్ కిందకొచ్చారు. సర్కారీ ఉద్యోగికి జీతంలోంచే పన్ను విరిచేవాళ్ళు, అంటే మన టీడీఎస్‌కి ముత్తాత అన్నమాట. 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టేనాటికి ఈ టౌను జనానికి లెడ్జరు, రిటర్ను అలవాటైపోయాయి. అటు గుడివాడ, దివి తాలూకాల వరి రైతుకి మాత్రం ఇన్‌కమ్ టాక్స్ అనేది ఒకటుందని తెలియాల్సిన అవసరమే రాలేదు. ఆయనకి శిస్తు, నీటి తీరువా తెలుసు. వాటి తాలూకు నోటీసు తెలుసు, జప్తు తెలుసు. నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ రైతు మనవడు ఇంజనీరింగ్ చదివి మాదాపూర్‌లో ఉద్యోగానికి చేరితే, ఆ వంశంలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను వెయ్యాల్సిన మొదటివాడు వాడే. అది నేనే. బహుశా మీరు కూడా.

నోటీసు అంటే ఆహ్వానం

1922 చట్టం చదువుతుంటే నాకొక విషయం భలే ఆశ్చర్యం వేసింది. ఆ రోజుల్లో ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసరు "ఫలానావాడికి పన్ను వేసేంత ఆదాయం ఉంది" అని అనుకుంటే, అతనికి 22(2) కింద నోటీసు పంపేవాడు. కనీసం ముప్ఫై రోజులు టైమిచ్చి రిటర్ను వెయ్యమనేవాడు. అంటే నోటీసు అనేది తప్పు చేసినందుకు వచ్చేది కాదు. కథ మొదలయ్యేదే నోటీసుతో! 1939 సవరణ వచ్చాక ఏటా పత్రికల్లో అందరికీ కలిపి ఒక ప్రకటన వేసేవాళ్ళు, ఆదాయం ఉన్నవాళ్ళంతా దాన్ని చూసి వెయ్యాలి. 1961 చట్టం దగ్గరకొచ్చేసరికి ఆ ప్రకటన కూడా పోయింది. 139(1) ప్రకారం ఎవరూ అడగకుండానే నువ్వే వెయ్యాలి. అందుకే మన కాలంలో నోటీసు వచ్చిందంటే "ఏదో తప్పు చేశాను" అనిపిస్తుంది. ఒకప్పటి మొదటి మెట్టు ఇప్పుడు రెండోది అయింది.

మరి జవాబివ్వకపోతే? 1922 చట్టంలో 23(4), 1961 చట్టంలో 144. ఆఫీసరు తన దగ్గరున్న సమాచారంతో తనకి తోచిన అంచనా వేసేస్తాడు. దాన్ని బెస్ట్ జడ్జిమెంట్ అసెస్‌మెంట్ అంటారు. 1937లో ఒక కేసులో ప్రివీ కౌన్సిల్ ఏమందంటే, ఇందులో ఊహ తప్పదు, కానీ అది నిజాయితీ గల ఊహ అయి ఉండాలి, కక్షతో చెయ్యకూడదు అని. సరే, ఎంత నిజాయితీ ఊహ అయినా ఊహే కదండీ. నీ హెచ్ఆర్ఏ ఎంతో, నువ్వు కట్టిన ఎల్ఐసీ ఎంతో ఆయనకేం తెలుసు? మనం ఖాళీ వదిలేసిన ఫీల్డులో సిస్టమ్ తన డిఫాల్ట్ వాల్యూ వేసుకుంటుంది. ఆ డిఫాల్ట్ మనకి అనుకూలంగా ఉండాలని రూలేం లేదు.

ఇంకో సంగతి చెబితే మా తాతయ్యకి సగం న్యాయం చేసినట్టవుతుంది. 1922 చట్టంలో 46(2) అని ఒకటుంది. ఇన్‌కమ్ టాక్స్ బాకీ పడితే ఆఫీసరు కలెక్టరుకి సర్టిఫికెట్ పంపొచ్చు. కలెక్టరు దాన్ని శిస్తు బాకీ వసూలు చేసినట్టే వసూలు చేస్తాడు! అంటే 1961 చట్టం వచ్చేదాకా ఈ రెండు దారులూ చివర్లో ఒకే గుమ్మం దగ్గర కలిసేవి. ఆ గుమ్మం ముందు అదే డప్పు. మా తాతయ్య చెప్పింది తప్పు కాదు, ఒక అరవై ఏళ్ళు పాతది, అంతే. ఇంకా నాలుగైదు మెట్లు దాటితే గానీ రాని మెట్టుని ఆయన మొదటి కాగితంలోనే చూశాడు.

మౌనం సత్యాగ్రహం కాదు

ఇది రాస్తుంటే ఒక ఫ్రెండు అడిగాడు, "మనది పన్నులు కట్టమని ఎదిరించిన నేల కదా, భయపడ్డం ఏంటి?" అని. నిజమే. కృష్ణకి అవతల గట్టు, పెదనందిపాడు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో పన్నుల నిరాకరణ ఉద్యమం జరిగింది. గ్రామోద్యోగులు రాజీనామాలు చేశారు, రైతులు శిస్తు కట్టలేదు. జప్తులు, బెదిరింపులు అన్నీ అయ్యాయి. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీ గారు ఉద్యమం ఆపేదాకా నిలబడ్డారు. 1930లో బందరు సముద్రం ఒడ్డున ఉప్పు వండారు.

కానీ ఒక్క తేడా చూడండి. పెదనందిపాడు వాళ్ళు నోటీసు పెట్టెలో దాచలేదు. "మేం కట్టం, ఎందుకు కట్టమో ఇదిగో" అని పేరు పెట్టి, ఊరంతా కలిసి, అందరికీ వినపడేలా చెప్పారు. అది జవాబు. నేను చేసింది ఏమిటి? పాత మెయిల్ ఐడీ పాస్‌వర్డ్ మర్చిపోవడం. దాన్ని ఏ ఉద్యమం లిస్టులోనూ వెయ్యరు.

చివరికి ఏం చేశా

ముందు ఆ కాగితం నిజమైందో కాదో చూశా. 2019 అక్టోబరు నుంచి వాళ్ళు పంపే ప్రతి దాని మీద డీఐఎన్ అని ఒక నంబరు ఉండాలి, దాన్ని ఇన్‌కమ్ టాక్స్ సైట్లోనే సరిచూసుకోవచ్చు (ఈ మధ్య దొంగ నోటీసులు, దొంగ లింకులు కూడా తిరుగుతున్నాయి, కాబట్టి మెయిల్లో లింకు నొక్కకుండా నేరుగా సైట్లోకి వెళ్ళండి). నిజమైందే. గడువు దాటిపోయింది కాబట్టి ఈ-ప్రొసీడింగ్స్‌లోకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు రాసి టైము అడిగా. ఇలాంటి నోటీసుకి జవాబివ్వకపోతే ప్రతిసారీ పదివేల దాకా జరిమానా వెయ్యొచ్చు, మరీ ముదిరితే ప్రాసిక్యూషన్ దాకా కూడా వెళ్ళొచ్చు. అంత దూరం రాకుండా ఆపేది ఆ నాలుగు వాక్యాలే.

తర్వాత ఏఐఎస్ దింపుకున్నా. 2021 నవంబరులో వచ్చిన స్టేట్‌మెంట్ ఇది. మన జీతం, బ్యాంకు వడ్డీ, షేర్ల లావాదేవీలు అన్నీ అందులో వాళ్ళకి ఎలా కనపడుతున్నాయో మనకీ అలాగే కనపడతాయి. అడంగల్ మన చేతికిచ్చినట్టు! అది చూశాక గానీ నా తప్పు తెలియలేదు. ఆ ఏడాది రెండు కంపెనీల్లో పనిచేశా. రెండో కంపెనీకి మొదటి జీతం సంగతి నేను చెప్పలేదు. దాంతో మినహాయింపు, తక్కువ శ్లాబు రెండు చోట్లా రెండుసార్లు లెక్కేశారు. టీడీఎస్ కట్ అయింది, నిజమే.. కానీ సరిపడా కట్ అవలేదు. రెండు ఫారం 16లు పక్కపక్కన పెట్టి కూడితే బాకీ బయటపడింది. నిజంగానే నేను బాకీ ఉన్నాను!

వడ్డీతో సహా కట్టి, 142(1)కి జవాబుగా అనే ఆప్షన్ ఎంచుకుని, డీఐఎన్ వేసి రిటర్ను పంపా. నోటీసు రాకముందే మేల్కొని ఉంటే 2022లో వచ్చిన అప్‌డేటెడ్ రిటర్ను దారి ఉండేది, కాస్త అదనపు పన్నుతో నాకై నేనే సరిదిద్దుకోవచ్చు. అసెస్‌మెంట్ మొదలయ్యాక ఆ దారి ఉండదు. 2025లో కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం చేశారు, దానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ నంబర్లు మారతాయి, 142, 144 లాంటి అంకెలు మనం మర్చిపోవాల్సిందే. కానీ ప్రశ్న మాత్రం 1860లో అడిగిందే.. నీ లెక్క నువ్వు చెప్పు.

కొన్ని నెలలకి ఆర్డరు వచ్చింది. నేను చూపించిన ఆదాయాన్నే ఒప్పుకున్నారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు దాన్ని ప్రింటు తీసి తాతయ్యకి చూపించా. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా చూశాడు.

"నువ్వు చెప్పింది వాళ్ళు విన్నారా?"

"విన్నారు తాతయ్యా."

"రసీదు ఇచ్చారా?"

"ఇదే రసీదు."

ట్రంకు పెట్టె తెరిచాడు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా ఇంటి కాగితాలన్నీ పోయాయి, పట్టాలతో సహా. ఇప్పుడున్నవన్నీ ఆ తర్వాతవే. తీరువా రసీదులు ఏడాదివారీగా దారంతో కట్టి ఉన్నాయి. నా ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆ కట్ట మీద పెట్టాడు. పెట్టె మూసి, "ఇంకోసారి ఏదన్నా కాగితం వస్తే ఆ రోజే ఫోను చేస్తాలే" అన్నాడు.

నేను మాత్రం ఆ రాత్రే ఫోన్లో కూర్చుని పాన్ అడ్రసు, ఈమెయిల్ రెండూ మార్చేశా. మీది ఎప్పటి ఐడీనో ఒకసారి చూసుకోండి.